గ్యాస్ ఎక్కడికి పోయింది, మియా?

మా అమ్మీకి వారానికి రెండు రోజులు డయాలసిస్. తుళ్లూరు నుంచి తాడికొండ మీదుగా గుంటూరు వెళ్లి రావాలి. మే నెల ఎండలో, జొహర్ దాటాక తిరుగు ప్రయాణం. దాహమేసినా ఆమె గ్లాసు నిండా నీళ్లు తాగకూడదు. అందుకే కార్లో ఏసీ మాకు షౌక్ కాదు, జరూరత్.

కిందటేడు ఏసీ చల్లదనం తగ్గింది. రోడ్డు పక్కన ఒక షాపులో ఆపితే "గ్యాస్ అయిపోయింది సార్" అని పది నిమిషాల్లో కొట్టి పంపాడు. పన్నెండో రోజున మళ్లీ వేడి గాలి. అమ్మీ ఓఢ్నీ తడిపి ముఖం మీద కప్పుకుంది. ఒక్క మాట అనలేదు. ఆ సబర్ చూసి నాకే శరమ్ వేసింది.

మర్నాటి డయాలసిస్ నాలుగు గంటలు. ఆ టైములో గుంటూర్లో తెలిసిన ఒక ఉస్తాద్ దగ్గరికి కారు తీసుకెళ్లాను. విషయం చెప్పగానే ఆయన నవ్వాడు.

"గ్యాస్ పెట్రోలు కాదు మియా, ఖర్చయిపోడానికి. పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందు సూరాఖ్ వెతకాలి."

లోపల మిగిలిన గ్యాసును గాలిలోకి వదల్లేదు. ఒక మిషనుతో సిలిండర్లోకి లాగాడు. తర్వాత నైట్రోజన్ నింపి, జాయింట్ల మీద సబ్బు నురగ పూశాడు. కండెన్సర్ దగ్గర బుడగలు లేచాయి. అరిగిన రబ్బరు రింగు! చేతిలో పట్టుకుంటే ఏమంత లేదు. మార్చి, వాక్యూమ్ పంపు పెట్టాడు. లోపలి గాలి, తేమ పోవాలట. పంపు ఆపాక కూడా గేజీ ముల్లు కదలకుండా ఉందా అని కాసేపు చూశాడు.

షాగిర్ద్ కుర్రాడు కళ్లద్దాలు పెట్టుకోకుండా గొట్టం విప్పబోతే ఉస్తాద్ గట్టిగా కసిరాడు. తన చూపుడువేలు నాకు చూపించాడు. గోరు పక్కన తెల్లటి మచ్చ. షాగిర్ద్‌గా ఉన్న రోజుల్లో గ్యాస్ నేరుగా వేలికి తగిలిందట. మన కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ద్రవంగా చర్మానికి తగిలితే నిప్పు కాలినట్టే, కంట్లో పడితే చూపుకే ఖత్రా. మూసిన గదిలో లీకయితే పీల్చే గాలిని పక్కకి నెట్టేస్తుంది. మంటకి తగిలితే విషవాయువులు పుడతాయి. అందుకే షెడ్డు తలుపులు బార్లా తెరిచి, బీడీ ముట్టించిన డ్రైవర్ని బయటికి పంపాడు.

"ఇంట్లో డబ్బా తెచ్చుకుని మేమే పట్టుకోవచ్చా?" అడిగాను.

"నక్కో మియా. హై ప్రెషర్ వైపు తగిలిస్తే డబ్బా పేలొచ్చు. ఇంకా సస్తాగా వస్తుందని వంటగ్యాస్ కలిపేవాళ్లూ ఉన్నారు. లీకయితే బండికి ఆగ్. సీలున్న సిలిండర్ చూసే కొట్టించుకో."

బానెట్ కింద స్టిక్కర్ మీద 450 గ్రాములని ఉంది. సిలిండర్ని ఎలక్ట్రానిక్ తరాజూ మీద పెట్టి, అంకె చూస్తూ అంతే ఎక్కించాడు. మిర్చి యార్డులో బస్తాల కాటా దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాను. ఒక్క తేడా: ఇక్కడ ఎక్కువ తూగినా నష్టమే. గ్యాస్ ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

పాత కార్లలో ఉండే ఆర్-12 ఓజోన్ పొరను తినేసేది. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత దాన్ని దశలవారీగా ఆపేశారు. ఆర్-134ఏ ఓజోన్ జోలికి పోదు కానీ, ఒక కిలో గాలిలో కలిస్తే నూరేళ్ల లెక్కలో దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుంది. లీకు సరిచేయకుండా మళ్లీ మళ్లీ కొట్టించుకుంటే, మనం చల్లబడుతూ మన ఔలాద్‌కి ఎండ పెంచుతున్నట్టే.

బిల్లు మొదటి షాపు కంటే మూడింతలైంది. నాకు బాధనిపించలేదు. మీరూ ఈసారి మూడు సవాళ్లు అడగండి: లీకు చూశారా? వాక్యూమ్ పెట్టారా? ఎన్ని గ్రాములు ఎక్కించారు? జవాబు లేకపోతే బండి తిప్పుకొని వచ్చేయండి.

ఆ రోజు తాడికొండ దాటాక వెనక సీట్లోంచి అమ్మీ గొంతు వినిపించింది. "బేటా, సర్దీ హో రహీ, జరా కమ్ కర్."

ఆ మాట వినడానికే నేను అన్ని గంటలు షెడ్లో నిలబడ్డాను.