బకెట్ తన్నిన కథ

ఈసారి గోడ పత్రికకు ఇంగ్లీషు జాతీయాల గురించి రాయమని ఇంగ్లీషు సారు నాకు చెప్పారు. నాకే ఎందుకు చెప్పారో మా తొమ్మిదో తరగతి వాళ్లందరికీ తెలుసు. మిగతా వాళ్ల కోసం చెప్తాను.

మొన్న బోరింగ్ దగ్గర నీళ్ల లైన్లో తోపులాట అయింది. నా కాలు తగిలి ఒకమ్మాయి బకెట్ పడిపోయింది. ఆ రోజు కాంపోజిషన్లో అదే రాశాను, "ఐ కిక్డ్ ద బకెట్" అని. గ్రామరు తప్పు ఒక్కటీ లేదు. సారు చదివి, "నువ్వు బకెట్ తన్నేస్తే ఈ కాంపోజిషన్ ఎవరు రాశారమ్మా, దయ్యమా?" అన్నారు. ఇంగ్లీషులో బకెట్ తన్నడం అంటే చచ్చిపోవడం అట! 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన వేసిన నిఘంటువులోనే ఈ మాట ఉందట. తెలుగులో కూడా వేళాకోళానికి "బాల్చీ తన్నేశాడు" అంటారు కదా. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఎందుకంటే నాకిది రెండోసారి. మా ఇంట్లో కోయ మాట్లాడతాం. మూడో తరగతిలో హాస్టల్‌కి వచ్చినప్పుడు నాకు తెలుగు అంతగా రాదు. ఒకరోజు లెక్క చెయ్యలేక కూర్చుంటే "అప్పుడే చేతులెత్తేశావా?" అన్నారు. ఎత్తమంటున్నారు అనుకొని రెండు చేతులూ పైకెత్తాను. అందరూ ఒకటే నవ్వు. ఆ తర్వాత చాలా రోజులు క్లాసులో నోరు విప్పలేదు. (నోరు విప్పడం కూడా జాతీయమే. నోటికి ముడి ఎక్కడుంది?) ఆ చేతులెత్తేయడాన్నే ఇంగ్లీషులో "గివ్ అప్" అంటారు. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. రెండూ కలిస్తే ఇవ్వడమూ లేదు, పైకీ లేదు!

అందుకే మాట విడగొట్టి అర్థం చూడకూడదు. మొత్తం మాట ఎవరు, ఎప్పుడు అన్నారో చూడాలి. "లుక్" అంటే చూడటం. దాని పక్కన చిన్న మాట మారితే ఎంత మారుతుందో చూడండి:

లుక్ ఫర్ – వెతకడం
లుక్ ఆఫ్టర్ – బాగోగులు చూసుకోవడం
లుక్ ఇన్టు – విచారించడం
లుక్ ఫార్వర్డ్ టు – సంతోషంగా ఎదురుచూడటం
లుక్ అప్ టు – గౌరవించడం
లుక్ డౌన్ ఆన్ – చిన్నచూపు చూడటం

కొన్నిటికి మన జాతీయాలు సరిగ్గా సరిపోతాయి. "పీస్ ఆఫ్ కేక్" అంటే నల్లేరు మీద బండి నడక. "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" అంటే ఎప్పుడో అమావాస్యకో పున్నానికో. "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అంటే కుండపోత వాన.

ఈ పట్టీ రాస్తుంటే చివరి "లుక్" దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఆ ముందు రోజే మెస్‌లో వంట అక్క, కొత్తగా వచ్చిన మూడో తరగతి పాపను "కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయా?" అని అడిగింది. ఆ పాప భయపడి గౌను ఎత్తి పొట్ట చూసుకుంది. అందరం పడీ పడీ నవ్వాం. అందరికన్నా నేనే గట్టిగా నవ్వాను. చేతులెత్తిన నేనే!

పెన్ను పక్కన పెట్టి ఆ పాప దగ్గరకు వెళ్లాను. వాళ్లదీ కోయ గూడెమే. "ఎలుకలేమీ లేవు, బాగా ఆకలేస్తే అలా అంటారు" అని మా భాషలో చెప్పాను. అప్పుడు నవ్వింది. ఇప్పుడు రోజూ వచ్చి ఒక తెలుగు మాట అడుగుతోంది. నేను సారును ఒక ఇంగ్లీషు మాట అడుగుతున్నాను.

అక్కలకు, చెల్లెళ్లకు ఒక మనవి. ఎవరైనా మాట తెలియక తప్పు చేస్తే ముందు అర్థం చెబుదాం. తర్వాత అందరం కలిసి నవ్వుకుందాం.

తప్పులుంటే మన్నించగలరు.

– 9వ తరగతి విద్యార్థిని