చెవికి కట్టిన వ్యోమనౌక

టీవీ సీరియల్‌ని ఆడియో నాటకం చెయ్యడమంటే బొమ్మ తీసేసి మాటలు ఉంచడమే అనుకుంటారు చాలామంది. బొమ్మ లేకుండా వినే అలవాటు మనకి పాతదే. రేడియోలో సినిమాల సంక్షిప్త శబ్దచిత్రం కోసం పనులు మానుకుని కూర్చున్నవాళ్ళం. పెళ్ళి పందిట్లో దానవీరశూరకర్ణ క్యాసెట్ మోగుతుంటే సుయోధనుడి డైలాగులు వెంటవెంటనే అప్పజెప్పినవాళ్ళం. కానీ అవి సినిమా చూసినవాడికే పూర్తిగా అందేవి, బొమ్మ అతని మనసులో ముందే ఉంది గనక. చూడనివాడికి కత్తుల చప్పుడు వినిపించేది తప్ప ఎవరు ఎవర్ని కొట్టారో తెలిసేది కాదు. సైన్స్ ఫిక్షన్‌లో ఈ చిక్కు పదింతలు. అక్కడి గ్రహాన్ని వినేవాడు ఎన్నడూ చూడలేదు, ఆ ఓడ ఎక్కలేదు.

నేను ఆకాశవాణి విజయవాడలో ఆడిషన్ పాసై కొన్నాళ్ళు నాటకాలు వేశాను. ఇప్పుడు కువైట్‌లో సౌండ్ సిస్టమ్స్ బిగించే పని. ఉండేది మహబూలాలో, ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్ వేకీ సముద్రానికీ మధ్య. మా బిల్డింగ్ లిఫ్టులో కడప మాటా కోనసీమ మాటా ఒకేసారి వినిపిస్తాయి. శుక్రవారం సాయంత్రం సెలవు దొరికినవాళ్ళందరం మా ఫ్లాట్ హాల్లో చేరి నాటకం రికార్డు చేస్తాం.

మొదలుపెట్టింది మాత్రం హాల్లో కాదు. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల మహబూలానీ, జలీబ్ అల్ షుయూఖ్ అనే ఇంకో ప్రాంతాన్నీ ప్రభుత్వం పూర్తిగా మూసేసింది. జులై దాకా తెరవలేదు. ఎదురు బిల్డింగ్‌లో ఉన్న మనిషిని కిటికీలోంచి చూడటమే గానీ కలవడానికి లేదు. అప్పుడు నాకు కెప్టెన్ వ్యోమ్ గుర్తొచ్చింది. 1998లో దూరదర్శన్‌లో వచ్చిన సైన్స్ ఫిక్షన్ సీరియల్, కేతన్ మెహతా తీసింది, మిలింద్ సోమన్ హీరో. దాన్ని తెలుగులో చెవికి రాద్దామనుకున్నాను. హక్కులు మావి కావు కాబట్టి మా సాధనకే తప్ప బయట ఎక్కడా వినిపించకూడదని మొదటిరోజే మాట అనుకున్నాం. ఆ మాట మీదే ఉన్నాం.

ఎవరి గదిలో వాళ్ళు దుప్పటి కప్పుకుని ఫోన్లో చదివి వాట్సాప్‌లో పంపేవారు. నేను అతికేవాణ్ణి. సరిగ్గా ఆ నెలల్లోనే ఇంగ్లాండులో బిగ్ ఫినిష్ కంపెనీ నటులు కూడా ఇళ్ళలోంచే రికార్డు చేశారు. ఈ పనిలో మా అందరికీ గురువు లాంటి సంస్థ అది. బీబీసీ డాక్టర్ హూ సీరియల్‌ని 1989లో ఆపేసింది. మధ్యలో 1996లో ఒక టెలిఫిల్మ్ వచ్చిందంతే. బీబీసీ దగ్గర హక్కులు తీసుకుని, 1999 జులైలో టీవీలో డాక్టర్ పాత్ర వేసిన పాత నటుల్లో ముగ్గురిని ఒకే కథలోకి తెచ్చి బిగ్ ఫినిష్ తన తొలి డాక్టర్ హూ ఆడియో విడుదల చేసింది. 1981లో ముగిసిపోయిన బ్లేక్స్ 7 సీరియల్ నటుల్నీ మైకు ముందుకి పిలిచింది. 2014లో గారెత్ థామస్, పాల్ డారో మళ్ళీ అవే పాత్రల్లో పూర్తి తారాగణంతో వినిపించారు. ముప్ఫై ఏళ్ళు దాటాక టీవీలో అయితే ముఖాలు ఒప్పవు. గొంతు ఒప్పింది. వయసు మీదపడినా మాట విరిచే తీరు, ఊపిరి తీసుకునే చోటు మారవు. టీవీలో ఆగిన సీరియల్‌కి చెవి ఇంత మేలు చెయ్యగలదని వాళ్ళే చూపించారు.

మా సంగతి వేరు, మాకు పాత గొంతులు లేవు. దారి తెరిచాక అదే సీను అందరం ఒక గదిలో కూర్చుని చదివాం. అప్పుడు తెలిసింది తేడా. విడివిడిగా పంపినప్పుడు ప్రతి వాక్యమూ బాగుంది, కానీ ఎవరూ ఎవరికీ జవాబు చెప్పడం లేదు. పక్కన మనిషి గొంతు వణికితే మన గొంతు దానంతటదే తగ్గుతుంది. దాన్ని కంప్యూటర్లో అతకలేం. బొమ్మ లేకుండా సీరియల్ నిలబడుతుంది. నటులు ఒకరి మాట ఒకరు వినకపోతే మాత్రం నిలబడదు.

రాత దగ్గర నాకు అసలు పాఠం నేర్పింది మా బృందంలోని రాయచోటి అక్క. ఒక ఇంట్లో వంటపని చేస్తుంది, నెలలో కొన్ని శుక్రవారాలే సెలవు. స్క్రిప్టులో ఓడ తలుపు మూసుకుపోయే సీను వచ్చింది. ఆమె కాగితం పక్కన పెట్టి, "అన్నా, నేను యాడుండానో నాకే తెలీకపోతే వినేటోల్లకు ఎట్ల తెలుస్తాది?" అంది. టీవీలో అయితే తెర మీద ఎర్ర లైటు వెలుగుతుంది, అందరూ మౌనంగా చూస్తారు. ఆడియోలో ఆ మౌనంలో వినేవాడికి ఏమీ అందదు. "అదిగో ఎర్ర లైటు, కెప్టెన్!" అని అరిపిస్తే పిల్లల పాఠంలా ఉంటుంది. చివరికి ఇలా రాశాం: నెమ్మదిగా బీప్ మొదలవుతుంది, తలుపు రబ్బరు పీల్చుకున్న చప్పుడు, అక్క గొంతు గోడ అవతల్నుంచి మూసుకుపోయినట్టు, "గాలి ఎంతసేపుంటాది?" బీప్ వేగం పెరుగుతుంది. జవాబు రాదు. ఆ రబ్బరు చప్పుడు మా ఫ్రిజ్ తలుపుది. అక్క నిలబడింది బాత్రూమ్‌లో.

ఇక ఏసీ. కువైట్ ఎండాకాలంలో దాన్ని ఆపి ఒక సీను పూర్తి చేసేలోపే చెమటకి కాగితాలు తడిసిపోతాయి. అందుకని ఖాళీ గదిలో ఏసీ మోతని విడిగా చాలాసేపు రికార్డు చేసి, స్వరం బాగా కిందికి దించి, ఓడ ఇంజను చేశాం. డైలాగుల వెనక మిగిలిన మోతంతా అందులో కలిసిపోతుంది.

రోబో గొంతుకి డాక్టర్ హూలో విలన్లయిన డాలెక్‌ల పద్ధతే వాడాం. గొంతుని ముప్ఫై హెర్ట్జ్ స్వరంతో గుణించే రింగ్ మాడ్యులేటర్ అది. తెలుగులో దానికో తిప్పలుంది: ఒత్తులు చెదిరిపోతాయి, దీర్ఘాలు మాత్రం గట్టిగా నిలుస్తాయి. అందుకే రోబో మాటల్లో ఒత్తులు తగ్గించి, దీర్ఘాలున్న మాటలు ఏరి, ఒక్కో మాటా విడిగా పలికించాను. బిగ్ ఫినిష్ ఆడియోల్లో డాలెక్ గొంతు నికొలస్ బ్రిగ్స్‌ది. ముందు ఆడియోల్లో పలికిన ఆయనే, 2005లో సీరియల్ టీవీకి తిరిగొచ్చినప్పుడు అక్కడా పలికారు. రాబర్ట్ షియర్మన్ 2003లో రాసిన జూబిలీ అనే ఆడియో నాటకమే 2005లో టీవీలో వచ్చిన డాలెక్ ఎపిసోడ్‌కి మూలం. అంటే టీవీ వదిలేసిన కథని చెవి కాపాడి, తిరిగి టీవీకే ఇచ్చింది.

యాసల విషయంలో నేను రాజీపడను. ఆకాశవాణిలో మాకు నేర్పింది శుభ్రమైన ఒకే తరహా ఉచ్చారణ. మొహాలు కనపడని చోట ఆరుగురు ఒకేలా మాట్లాడితే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? మా ఓడలో కెప్టెన్‌ది కోనసీమ, ఇంజనీరుది రాయచోటి. భవిష్యత్తులో మనవాళ్ళు అంతరిక్షానికి వెళ్తే తమ మాటతోనే వెళ్తారు.

ఇలా చెవికి మళ్ళడం ఇంగ్లాండుకే పరిమితం కాదు. 1997 నుంచి 2005 దాకా దూరదర్శన్‌లో నడిచిన శక్తిమాన్ కూడా పాకెట్ ఎఫ్ఎం యాప్‌లో ఆడియో సిరీస్‌గా తిరిగొచ్చింది. తెలుగు చానళ్ళ దగ్గరా, నిర్మాతల దగ్గరా ఎన్ని పాత సీరియళ్ళు మూలనపడి ఉన్నాయో వాళ్ళకే తెలియాలి. వాటి ఆడియో హక్కులు విడిగా, చిన్న బృందాలు కట్టగలిగే రుసుముకి ఇవ్వండి. అప్పటి నటులు చాలామంది ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్ళ గొంతులు వినిపించేలా ఉండగానే ఇవ్వండి.