వీపు మీద ట్రైనర్ అని రాసుంటే సరిపోతుందా?

కంప్యూటర్ ముందు కూచుని కూచుని మెడ ముందుకి సాగిపోయి, నడుం పట్టేసి, ఎక్కడికెళ్ళినా నాకంటే ముందు నా పొట్ట చేరుకుంటున్న రోజుల్లో, ఇక లాభం లేదని జిమ్ములో చేరాను. సికింద్రాబాద్‌లో మా ఇంటికి దగ్గరే. కింద టిఫిన్ సెంటరు, పైన జిమ్ము. అంటే ఎక్కేటప్పుడు మిర్చి బజ్జీ వాసన, దిగేటప్పుడు మిర్చి బజ్జీ. మొదటి నెల ఫలితాలు ఎలా ఉండుంటాయో మీరే ఊహించుకోండి.

మా కోచ్‌కి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. జనగామ దగ్గర పల్లెటూరు. జబ్బలు చూస్తే చొక్కా చేతుల్లో కొబ్బరిబోండాలు దాచుకున్నట్టుంటాడు. నల్ల టీషర్టు, వీపు మీద పెద్ద అక్షరాలతో 'ట్రైనర్' అని. ఆ ఆకారం చూశాక ఎవరికైనా సందేహాలు అడగబుద్ధి కాదు. కండలున్నవాడికి కండల గురించి తెలియదంటే ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు.

మూడో వారంలో రాడ్డుని రెండు చేతులతో దగ్గరగా పట్టించి గడ్డం దాకా లాగమన్నాడు. అప్‌రైట్ రో అంటారు దాన్ని. ఏడోసారికి కుడి భుజంలో కలుక్కుమంది. 'నొస్తుంది' అన్నాను. 'నో పెయిన్ నో గెయిన్ అన్నా, ఇంక అయిదు కొట్టు' అన్నాడు. కొట్టాను. మర్నాడు పొద్దున పళ్ళు తోముకోడానికి చెయ్యి లేవలేదు. అసలే నడుం నొప్పి అంటే గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇంట్లో అందరూ 'నరం పట్టేసింది' అని తేల్చారు. మనకి అన్నీ నరాలే కదా. కండ పట్టేసినా నరమే, కండని ఎముకకి కట్టే తాడు లాంటి టెండన్ లాగేసినా నరమే, రక్తనాళం కనపడినా నరమే. ఫిజియోథెరపీ ఆవిడ మాత్రం నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, ప్లాస్టిక్ అస్థిపంజరం తెచ్చి చూపించింది. భుజం కీలంటే ఒక చిన్న సాసర్ మీద పెద్ద బంతి నిలబెట్టినట్టు. ఆ బంతి జారిపోకుండా చుట్టూ నాలుగు కండలు పట్టుకుని ఉంటాయి. రొటేటర్ కఫ్ అంటారు. అందులో ఒకటైన సుప్రాస్పైనేటస్, వీపు మీద రెక్క ఎముక పైభాగంలో మొదలై, భుజం కొసన ఉండే ఎముక చూరు కింద నుంచి వచ్చి, చేతి ఎముక తలకి అంటుకుంటుంది. చేతిని లోపలికి తిప్పి ఉంచి, మోచేతులు భుజాల కంటే పైకి లేపి బరువు లాగితే, ఆ చూరు కింద చోటు ఇరుకవుతుంది. అందరికీ దెబ్బ తగలాలని లేదు, నాకు తగిలింది. 'నొప్పి అన్నాక కూడా చేయించారా? ఎవరండీ నేర్పింది?' అని అడిగింది.

ఆ ప్రశ్న పట్టుకుని కోపంగా జిమ్ముకి వెళ్ళాను, ఇవాళ వాడి సంగతి తేల్చాలని. దారంతా డైలాగులు రిహార్సల్ కూడా చేసుకున్నాను. వాడు నా చెయ్యి చూసి మొహం చిన్నబుచ్చుకుని, మెట్ల మీద కూచోబెట్టి చెప్పిన మాటతో ఆ డైలాగులన్నీ ఎగిరిపోయాయి.

'నాకెవ్వలు నేర్పలే అన్నా. నేను ఈడ ఊడ్శేతందుకు వచ్చిన. అందరు పోయినంక రాత్రిపూట నేనుగూడ ఎత్తెటోణ్ణి. ఒకరోజు కోచ్ మానేశిండు. ఓనర్ నాకు ఈ టీషర్ట్ ఇచ్చి రేపట్నించి నువ్వే అన్నడు.'

అంతే. ఒక టీషర్టు. చీపురు నుంచి కోచ్‌కి మధ్య ఉన్న దూరం అదొక్కటే. నా మెడకీ నడుముకీ బాధ్యత వహించే మనిషి అర్హత ఏమిటని నేనూ అడగలేదు, వాడికి జీతమిచ్చే మనిషీ అడగలేదు. మన దేశంలో పర్సనల్ ట్రైనర్ అవడానికి చట్టప్రకారం తప్పనిసరి లైసెన్సు అంటూ ఏమీ లేదు. స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్లున్నాయి, ప్రైవేటు కోర్సులున్నాయి, విదేశీ సంస్థల పరీక్షలున్నాయి. చదివితే మంచిదే, చదవకపోయినా అడిగేవాడు లేడు.

ఇక్కడ మనవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. కోడి రామమూర్తి నాయుడు పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకుని, గొలుసులు తెంపి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన 1942లో పోయాడు, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఏనుగు కథ అందరికీ తెలుసు గానీ, ఆయన మద్రాసు సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణలో చేరి, సర్టిఫికెట్ తీసుకుని, విజయనగరంలో తను చదువుకున్న స్కూల్లోనే వ్యాయామ శిక్షకుడిగా పనిచేశాడని ఎంతమందికి తెలుసు? అంత బలవంతుడు కూడా, నాకు కండలున్నాయి కదా ఇక నేర్పేస్తాననుకోలేదు. వంద సంవత్సరాల పైమాట ఇది.

ఈ కథ చెప్తే మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన బ్యాగులోంచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. ట్రైనర్ల పరీక్షకి సంబంధించింది, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాడట. మొదటి ఇరవై పేజీలు నలిగి ఉన్నాయి, మిగతాది కొత్తగా ఉంది. 'మొత్తం ఇంగ్లీష్ల ఉందన్నా. సమజైతలేదు. నువ్వు ఇంజనీర్‌వి గద, జర చెప్తవా?'

నా భుజం పాడుచేసినవాడికి నేను ట్యూషన్ చెప్పాలన్నమాట! కానీ కాదనలేకపోయాను. వాడు అడిగిన తీరు అలాంటిది. అలా మొదలైంది, ప్రతి ఆదివారం పొద్దున స్టేషన్ దగ్గర ఒక ఇరానీ హోటల్లో, రెండు చాయ్‌లు, ఒక ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు, ఆ పుస్తకం. నాకు బయాలజీ టెన్త్‌తోనే సరి. ముందురోజు రాత్రి నేను చదువుకుని వెళ్ళాల్సి వచ్చేది.

మొదటి పాఠం: కండ లాగగలదు, నెట్టలేదు. ఇది విని ఇద్దరం ఆగిపోయాం. మరి తలుపు నెడతాం కదా? అప్పుడు కూడా దండచేయి వెనకున్న ట్రైసెప్స్ ఎముకని వెనక్కి లాగి చేతిని చాపుతోంది. ముందున్న బైసెప్స్ మడుస్తుంది, వెనకున్న ట్రైసెప్స్ చాపుతుంది. ఒకటి లాగితే ఇంకోటి వదలాలి. 'అంటే ముందటిదే చేసుకుంట వెనకది ఇడిశిపెడితే?' అన్నాడు వాడు. ఛాతీ, బైసెప్స్ తప్ప ఇంకేం చెయ్యని కుర్రాళ్ళు సగం మంది వాడి జిమ్ములోనే ఉన్నారు మరి.

రెండో పాఠంలో నాకు పండగ. ఫస్టియర్ ఇంజనీరింగ్ మెకానిక్స్ నేను బొటాబొటీ మార్కులతో గట్టెక్కిన సబ్జెక్టు. అందులో చదివిన తులాదండం మోచేతిలోనే ఉంది. మోచేతి కీలు నుంచి సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో బైసెప్స్ అంటుకుంటుంది. అరచేతిలో డంబెల్ ఉండేది 35 సెంటీమీటర్ల దూరంలో. ముంజేయి బల్లకి సమాంతరంగా ఉన్నప్పుడు 10 కిలోల డంబెల్ పట్టుకోవాలంటే 10ని 35తో గుణించి 4తో భాగించాలి. దాదాపు 87 కిలోల లాగుడు, ముంజేతి సొంత బరువు లెక్కెయ్యకుండానే! బిల్లు కాగితం వెనక బాణాలు గీసి చూపించాను. వాడు తన చెయ్యి తనే కొత్తగా చూసుకున్నాడు. ఇంత నష్టానికి కండని అక్కడ ఎందుకు అతికించారంటే, కండ కొంచెం కురచైతే చాలు, చెయ్యి చాలా దూరం, వేగంగా కదులుతుంది. రాయి విసరడానికి అదే కావాలి.

కండ లోపల ఏం జరుగుతుందన్నది మూడు ఆదివారాలు పట్టింది. ఏక్టిన్, మయోసిన్ అని రెండు రకాల సన్నటి పోగులు. అవి కురచ కావు, ఒకదాని మీదుగా ఒకటి జారతాయి. 1954లో రెండు బృందాలు వేరువేరుగా ఈ సంగతి కనిపెట్టి నేచర్ పత్రిక ఒకే సంచికలో ప్రకటించాయి. ఇంగ్లీషు పుస్తకంలో అరపేజీ చదివినా నాకే ఎక్కలేదు. చివరికి 'బావిలో చేద తోడటం చూశావా?' అన్నాను. తాడు పట్టుకోవడం, లాగడం, వదిలి ఇంకాస్త కిందికి పట్టుకోవడం. మయోసిన్ చేసేదదే. అయితే ఒక తిరకాసు. పట్టు వదలాలంటే ఏటీపీ అనే శక్తి అణువు కావాలి. ప్రాణం పోయాక అది తయారవదు, పట్టు వదలదు, శరీరం బిగుసుకుపోతుంది.

'అందుకేనా అన్నా మా తాత సచ్చిపోయినప్పుడు చేతులు మలిపెతందుకు రాలే' అన్నాడు. పుస్తకం అర్థమవడమంటే అదేననిపించింది. తెలివి లేక కాదు, వాడి భాషలో ఎవరూ చెప్పక. జబ్బ, పిక్క, తొడ, తుంటి, చీలమండ, ఈ మాటలన్నీ వాడికి చిన్నప్పట్నించీ వచ్చు. పుస్తకంలో ఉన్నవి అవేనని చెప్పినవాళ్ళు లేరు.

ఇక జిమ్ముల్లో తిరిగే నమ్మకాలు ఒక్కొక్కటే రాలిపోయాయి. పొట్ట తగ్గాలని వెయ్యి సిటప్‌లు కొడితే కొవ్వు కింద ఉన్న కండ గట్టిపడుతుంది గానీ, పైనున్న కొవ్వు అక్కడే ప్రత్యేకంగా కరగదు. చెమట పడితే పోయేది నీళ్ళు, కొవ్వు కాదు. మర్నాడు వచ్చే నొప్పి లాక్టిక్ ఏసిడ్ వల్ల కాదు, అది గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. కండ సాగుతూ బరువు మోసినప్పుడు పోగుల్లో జరిగే చిన్నచిన్న దెబ్బల వల్ల వచ్చే నొప్పి అది. మౌలాలి గుట్ట ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ మర్నాడు తొడలు పీకేది ఎక్కువగా దిగినందుకు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారాల్లో బలం పెరిగేది చాలావరకు నాడులు కండని వాడుకోవడం నేర్చుకోవడం వల్లే. టేపు పెట్టి కొలిస్తే ఏమీ కనపడక చాలామంది అక్కడే మానేస్తారు. బరువు కొద్దికొద్దిగా పెంచాలన్న పద్ధతిని శాస్త్రీయంగా రాసింది కూడా కండల వీరుడు కాదు. డిలార్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు, రెండో ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికుల కాళ్ళు బాగుచేస్తూ 1945లో ప్రచురించాడు. ఆడవాళ్ళు బరువులెత్తితే మగవాళ్ళలా అయిపోతారనేవాళ్ళకి మావాడిప్పుడు కరణం మల్లీశ్వరి ఫోటో చూపిస్తున్నాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది మన శ్రీకాకుళం అమ్మాయి.

ఇంతకీ చెప్పొచ్చేదేమంటే, పోయిన నెల ఒకాయన వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. కూతురి పెళ్ళిలోగా పది కిలోలు తగ్గాలట, మూడు నెలల డబ్బు ముందే కట్టేశాడు. మావాడు పుస్తకంలో మొదట్లో ఉన్న ప్రశ్నలు అడిగాడు. గుండె జబ్బుందా, కళ్ళు తిరుగుతాయా, మందులు వాడుతున్నారా, కష్టపడ్డప్పుడు ఛాతీలో నొప్పొస్తుందా. 'మెట్లెక్కితే ఇక్కడ పట్టేసినట్టుంటది, గ్యాసే' అన్నాడాయన. మావాడు ట్రెడ్‌మిల్ ఎక్కనివ్వలేదు. ముందు డాక్టర్‌కి చూపించుకుని రండి సార్ అని డబ్బు తిరిగి ఇప్పించేశాడు. ఓనర్ అందరి ముందూ అరిచాడు, వచ్చిన గిరాకీని పంపిస్తావా, చదువు ఎక్కువైందా అని. ఆ నెల జీతంలో కోత కూడా పడింది.

ఆయన మళ్ళీ రాలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళాడో, పక్క వీధి జిమ్ములో చేరాడో మాకు తెలీదు.

'తప్పు చేసిన్నా అన్నా?' అని ఆదివారం అడిగాడు. చాయ్ చల్లారిపోయింది. నాకు నా భుజం గుర్తొచ్చింది. ఇప్పటికీ కుడివైపు తిరిగి పడుకుంటే మెలకువ వస్తుంది. నా కోడ్‌లో తప్పు దొర్లితే పాత వెర్షన్ మళ్ళీ పెట్టేస్తాను, శరీరానికి ఆ సదుపాయం లేదు. 'నొప్పి అన్నప్పుడు నన్ను ఆపలేదు, ఆయన్ని ఆపావు. నేర్చుకున్నది అదే కదా' అన్నాను. జీతం కోత గురించి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

కాబట్టి మీరు జిమ్ములో చేరితే జబ్బలు చూసి మోసపోకండి. మొదటిరోజు మిమ్మల్ని ఏమీ అడక్కుండా చేతికి బరువిచ్చాడంటే, మీరే అడగండి, ఇది ఏ కండకి, అది ఎక్కడ మొదలై ఎక్కడ అంటుకుంటుందని. విసుక్కుంటే వచ్చేయండి. 'తెలుసుకుని చెప్తా' అంటే ఉండండి, వాడు బాగుపడతాడు, మీరూ బాగుంటారు.

అన్నట్టు పరీక్ష వచ్చే నెల. ఈ ఆదివారం పాఠం తుంటి. నేనింకా చదవలేదు, వాడు చదివేశాడట!