పెద్దన్నయ్య ఓన్లీ!

'ఓన్లీ'... ఇంగ్లీషులో రాస్తే నాలుగే అక్షరాలు. ఆ చిన్న మాట మా ఇంట్లో తొమ్మిది రోజులు చిచ్చు పెట్టిందంటే నమ్ముతారా?

2009 నాటి సంగతి. తణుకులో మా దగ్గరే ఉంటున్న అమ్మ బాత్రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. రాజమండ్రి తీసుకెళితే వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. డబ్బేమో అమ్మా, పెద్దన్నయ్యా పేర్ల మీద కలిపి వేసిన డిపాజిట్‌లో ఉంది. 'పెద్దాడే రావాలే, వాడి సంతకం లేకపోతే బ్యాంకు వాళ్లివ్వరు. ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పు' అంది అమ్మ మూలుగుతూనే.

స్ట్రెచర్ వెంట పరిగెత్తేదాన్ని, ఫోన్ చేసే తీరికెక్కడిది? అన్నయ్యలిద్దరికీ ఒకే మెసేజ్ కొట్టాను. నా ఫోన్లో తెలుగు లేదు. అందుకని ఇంగ్లీషులో... 'అమ్మ ఫెల్ డౌన్. ఆపరేషన్ టుమారో. పెద్దన్నయ్య ఓన్లీ షుడ్ కమ్.'

పెద్దన్నయ్య విశాఖ నుంచి ఆ రాత్రికే వచ్చేశాడు. నాగపూర్‌లో ఇంగ్లీషు లెక్చరర్‌గా ఉన్న చిన్నన్నయ్య మాత్రం రాలేదు. రోజూ ఫోన్ చేసేవాడు. 'ఎలా ఉంది? జ్వరం లేదు కదా?' అంతే, ముక్తసరిగా రెండు మాటలు. పరీక్షల డ్యూటీ అనుకుంటా అని సరిపెట్టుకున్నాను. అమ్మ మాత్రం వార్డు తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూసేది. తొమ్మిదో రోజున 'చిన్నాడికి నా మీద కోపమేమైనా ఉందంటావే?' అంది. నాకు ఒళ్లు మండిపోయింది. వరండాలోకొచ్చి ఫోన్ చేసి కడిగేశాను.

అంతా విని, 'రావద్దని మెసేజ్ పెట్టింది నువ్వే కదమ్మా' అన్నాడు. గొంతు బొంగురుపోయింది. నా మెసేజ్ నాకే చదివి వినిపించాడు. 'పెద్దన్నయ్య ఒక్కడే రావాలి, ఇంకెవరూ అక్కర్లేదు అనేగా దీనర్థం? టికెట్ కూడా తీసుకుని, ఇది చూసి ఆగిపోయాను' అన్నాడు.

మర్నాడు సాయంత్రానికి దిగాడు. అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మామూలుగానే నాకు పాఠం మొదలుపెట్టాడు.

'వన్' అనే మాటకు చుట్టమే ఈ 'ఓన్లీ' అట. ఇది తప్ప మరొకటి కాదు అని చెప్పడమే దాని ముఖ్యమైన పని. చెక్కు మీద మొత్తాన్ని అక్షరాల్లో రాసి చివర 'ఓన్లీ' అని పెడతామే, అది కూడా అందుకే. ఆ పక్కన ఎవరూ ఇంకో మాట చేర్చకుండా గడియ వేసినట్టన్నమాట. మన రశీదుల్లో 'రూపాయలు మాత్రమే' అని రాసినట్టే. మనం చిన్నప్పుడు బట్టీపట్టిన రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం కూడా, ఏ మాటకు సంబంధించిందో దానికి ముందే 'ఓన్లీ' పెట్టమంటుంది. చోటు మారితే అర్థమే మారిపోతుంది.

'ఓన్లీ అమ్మ గేవ్ మీ బ్యాంగిల్స్' అంటే, అమ్మ తప్ప నాకెవరూ గాజులివ్వలేదని. 'అమ్మ గేవ్ ఓన్లీ మీ బ్యాంగిల్స్' అంటే, నాకు తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదని. 'అమ్మ గేవ్ మీ ఓన్లీ బ్యాంగిల్స్' అంటే గాజులు తప్ప ఇంకేమీ ఇవ్వలేదని! 'మూడోది మాత్రం అబద్ధమే, గొలుసు కూడా నీకే ఇచ్చింది' అన్నాడు పెద్దన్నయ్య పక్కనుంచి.

అసలు చిక్కు మన 'ఏ'తో వస్తుందట. 'పెద్దాడే', 'ఇక్కడే', 'ఇప్పుడే'... తెలుగులో ఈ దీర్ఘం రెండు పనులు చేస్తుంది. ఒకటి, మిగతావాళ్లను తీసేయడం. రెండోది, ఉన్న మాటను నొక్కి చెప్పడం. ఏది ఎప్పుడన్నది గొంతును బట్టీ సందర్భాన్ని బట్టీ తెలిసిపోతుంది. మనమేమో రెండింటికీ కలిపి 'ఓన్లీ' తగిలించేస్తాం. ఇప్పుడే వచ్చానంటే 'నౌ ఓన్లీ ఐ కేమ్', ఇక్కడే ఉన్నానంటే 'ఐ యామ్ హియర్ ఓన్లీ'. 'జస్ట్ నౌ' అనీ, 'రైట్ హియర్' అనీ అంటే సరిపోతుంది. మరి 'పెద్దాడే రావాలి' అన్నదానికి? 'పెద్దన్నయ్య హిమ్‌సెల్ఫ్ షుడ్ కమ్'. అతను స్వయంగా రావాలని. ఇంకెవరూ రావద్దని కాదు.

నోటితో చెప్పి ఉంటే ఏ గొడవా లేదు. నా గొంతులో కంగారు చిన్నన్నయ్యకు వినిపించేది. మెసేజ్‌లో గొంతుండదు కదా. పైగా చదివినవాడు ఇంగ్లీషు మాస్టారాయె!

మా చర్చంతా అమ్మ వింటూనే ఉంది. చివరికి, 'ఇంతకీ నేను నిన్ను రాయమన్నానటే? ఫోన్ చేయమన్నాను' అంది. ముగ్గురం నోరు మూసుకున్నాం.

ఇప్పుడు ఫోన్లో తెలుగు శుభ్రంగా వస్తోంది. అయినా ఇంగ్లీషులో 'ఓన్లీ' రాయాల్సి వస్తే నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది. 'మాత్రమే' అనాలా, ఉత్త 'ఏ'నా అని మనసులో ఓసారి తెలుగులో అనుకుని చూసుకుంటాను. ఇంట్లో ఎవరికైనా బాగోలేదంటే మాత్రం మెసేజ్ జోలికి వెళ్లను. ముందు చిన్నన్నయ్యకే ఫోన్ చేస్తాను. ఆ తర్వాత పెద్దన్నయ్యకు.