లీటరు పెట్రోలు నేర్పిన పాఠము

మనుష్యుడు దినదినము వాడుకొను వస్తువును గూర్చి మిక్కిలి తక్కువగా ఆలోచించును. ఉప్పు, నీరు, దీపము మొదలగునవి యున్నంతకాలము వాని మాటయే నోట రాదు. కొఱతపడినప్పుడో, వెల హెచ్చినప్పుడో వాని విలువ తెలియవచ్చును. అనంతపురము జిల్లాలో పుట్టి పెరిగినవారికి నీటి విషయమై యీ మాట చెప్ప నక్కఱలేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు ఈ మెట్టభూమిలో బిందె నీటిని కొలిచి వాడుట ప్రతి యింటి బిడ్డకును తెలిసిన విద్య. పెట్రోలును గూడ అట్లే కొలిచి వాడవలసివచ్చునని మేము ఉద్యోగమున ప్రవేశించిననాడు ఎఱుగము. ఆ సంగతిని, దాని వెంట మేము చేసిన యొక పొరపాటును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును నివేదింపదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువు ముగించుకొని 2010 జూన్ మాసమున మేము ఈ పాఠశాలలో చేరితిమి. మా నివాసము అనంతపురము పట్టణమున. పాఠశాల బళ్లారి రోడ్డు మీద 24 కిలోమీటర్ల దూరమున. పోను 24, రాను 24; వెరసి 48. మా మోటారుసైకిలు లీటరు పెట్రోలునకు ఇంచుమించు అంతదూరమే నడుచును. కావున మా లెక్క మిక్కిలి సులభము: దినమునకు ఒక లీటరు. లీటరు వెల యెంతయో, మేము బడికి పోయి వచ్చుటకగు వెలయు నంతే.

మేము చేరిన ఆ జూన్ మాసముననే కేంద్రప్రభుత్వము పెట్రోలు వెలపై తన కట్టుబాటును తొలగించెను. నాడు ఢిల్లీలో లీటరు వెల 51 రూపాయల 43 పైసలు. తరువాత 2017 జూన్ 16 మొదలు వెల ప్రతిదినము మారు పద్ధతి దేశమంతటను అమలులోనికి వచ్చెను. అంతకుముందు పక్షమున కొకసారి వార్తాపత్రికలో చదివి తెలిసికొను సంగతిని అటుపిమ్మట ప్రతి యుదయము బంకు పలకమీద చూడవలసివచ్చెను. 2021లో మా జిల్లాలో లీటరు వెల నూఱు రూపాయలు దాటెను. 2022 మార్చి 22 మొదలు ఏప్రిల్ 6 వఱకు పదునాఱు దినములలో పదునాలుగు పర్యాయములు హెచ్చి, మొత్తము పది రూపాయలు పెరిగి, 120 రూపాయల చేరువకు పోయెను.

బంకు వద్ద లీటర్ల లెక్క చెప్పువారు అరుదు. "నూటికి కొట్టప్పా" అందురు. మేమును అట్లే అనుచుంటిమి. నూఱు రూపాయల నోటు మారదు గనుక వెల పెరిగినట్లు చేతికి తెలియదు, తెలియునది బండికే. 2010లో ఆ నోటు రెండు లీటర్లకు చేరువగా తెచ్చెడిది. 2022లో అదే నోటు ముప్పాతిక దాటి మఱికొంత మాత్రమే తెచ్చెను, లీటరు నిండలేదు. సాయంకాలము తిరిగి వచ్చునప్పుడు పట్టణమునకు ఐదు మైళ్ల యీవల బండి ఆగిపోగా, దానిని త్రోసికొని వచ్చిననాడు మాకీ లెక్క చక్కగా బోధపడినది.

వెల యేల పెరుగునని విద్యార్థులు తఱచుగా అడుగుదురు. మన దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి 85 వంతులకు మించి పరదేశములనుండియే రావలెను. అక్కడ యుద్ధమైనను, ఒడంబడిక చెడినను వెల హెచ్చును. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురును బిగబట్టినప్పుడు కొలది నెలలలోనే దాని వెల నాలుగింతలయ్యెను. ఇక్కడను పెట్రోలు వెల పెంచగా, ఆ నవంబరులో వాజపేయి గారు ఎడ్లబండి యెక్కి పార్లమెంటునకు పోయిరి. 2022లో రష్యా, యుక్రెయిను దేశముల యుద్ధము వచ్చెను. అయితే దోషమంతయు పరదేశములదే యనరాదు. 2020లో లోకమంతట ప్రయాణములు నిలిచి ముడిచమురు వెల పడిపోయినప్పుడు, కేంద్రప్రభుత్వము మార్చిలోను మేలోను కలిపి లీటరు పెట్రోలుపై 13 రూపాయల సుంకము పెంచెను. కావున ఆ తగ్గుదల బంకువఱకు రాలేదు. మన రాష్ట్రమున 2022 నాటికి నూటికి 31 వంతుల పన్నును, దానిపై లీటరునకు 4 రూపాయలును, రోడ్ల నిమిత్తము మఱియొక రూపాయయు కలిసెడివి. ఆ సొమ్ముతోనే రోడ్లును, బడులును, ఆసుపత్రులును నడుచునని చెప్పుదురు, అదియు సత్యమే. మొత్తముమీద వెల యను బరువును ప్రతివాడును తన తరువాతివాని చేతి కందించుచు పోవును. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో ముందు పని యున్నది.

మేమును మాకు తోచిన ఉపాయములు చేసితిమి. వారమున కొకసారి చక్రములకు గాలి సరిచూచుకొంటిమి. గాలి తగ్గిన చక్రము ఎక్కువ పెట్రోలు త్రాగును. గాలివడబోత డబ్బాను నెల కొకసారి దులిపించితిమి. వేసవిలో మా రోడ్డుమీది యెఱ్ఱదుమ్మునకు అది త్వరగా మూసికొనిపోవును. గంటకు 45 కిలోమీటర్ల వేగమును మించలేదు. ఆగవలసినచోట ఇంజను ఆపితిమి. తెల్లవాఱుజామున పోయించినయెడల పెట్రోలు చిక్కగా నుండి ఎక్కువ వచ్చునని యొక మిత్రుడు చెప్పగా కొన్నాళ్లు అదియు చేసితిమి. కాని బంకు తొట్టి భూమిలో నుండుటచే దాని చల్లదనము ఉదయమున కును మధ్యాహ్నమునకును అంతగా మారదు. నిద్ర చెడుటయే మిగిలినది.

మఱియొకరు, కర్ణాటక సరిహద్దు దాటినచో లీటరునకు 8, 9 రూపాయలు తక్కువ గదా, అక్కడనే పోయింతమనిరి. దీనిని మేము తొమ్మిదవ తరగతికి లెక్కగా ఇచ్చితిమి. పాఠశాలనుండి సరిహద్దునకు సుమారు 50 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు రెండు లీటర్లు, అనగా 220 రూపాయలు. తొట్టెడు పది లీటర్లు పోయించినను మిగులునది 90 రూపాయలు. "సార్, నూటముప్పై నష్టం!" అని తరగతి యంతయు నవ్వెను. సరిహద్దు పల్లెలవారికిని, ఆ దారిన పోవు లారీలకును అది లాభమే, మాకు గాదు.

2022 మే నెలలో కేంద్రప్రభుత్వము సుంకమును 8 రూపాయలు తగ్గించెను. అయినను మా జిల్లాలో లీటరు 110 రూపాయలకు దిగువకు రాలేదు. ఇంటి లెక్కల పుస్తకమున పెట్రోలు పద్దు పాల పద్దును మించెనని మా సహధర్మిణి చూపగా, బండిని ఇంట నిలిపి బస్సున పోవుటకు నిశ్చయించితిమి. నెలకు ఎనిమిదివందల రూపాయలు మిగులునని అంచనా. జులై 5వ తేదీన బడులు తెఱచిరి. ఆ నెల మొదటి తేదీనే బస్సు చార్జీలపై డీజిలు సెస్సు పెంచిరి. మా యంచనాలో కొంత అక్కడనే కరగినది. అయినను బస్సే మేలని తలచితిమి.

ఇక మా పొరపాటు. పాఠశాల కీవల ఆఱు కిలోమీటర్ల దూరమున ఒక పల్లె క్రాసు కలదు. అక్కడి వేపచెట్టు క్రింద ఒక బాలుడు పుస్తకముల సంచితో నిలిచి యుండును. ఏడవ తరగతిలో నున్నప్పటినుండి వానిని మా బండి వెనుక ఎక్కించుకొని పోవుచుంటిమి. అది మాకు అలవాటేగాని ఉపకారమని యెన్నడును తోచలేదు. వాడు ఎనిమిదవ తరగతికి వచ్చెను. మేము బస్సునకు మారిన సంగతి వానికి చెప్పలేదు. మేమెక్కు ఎక్స్‌ప్రెస్సు ఆ క్రాసున ఆగదు. మొదటి దినమున కిటికీలోనుండి చూచితిమి. వాడు చెట్టు క్రింద నిలిచి, మా బండి వచ్చు దిక్కునకు మెడ చాచి చూచుచుండెను. రేపు చెప్పుదమనుకొంటిమి. రెండవ దినమున బస్సు క్రిక్కిఱిసి యుండుటచే కిటికీ మాకు కనబడలేదు. మూడవ దినమున మేము ఆ వైపు చూడలేదు.

వాడు మా తరగతివాడు గాడు. రెండు వారముల పిమ్మట ప్రధానోపాధ్యాయులు హాజరుపట్టీ చూచుచు, "ఆ పిల్లవాడు మీ బండిమీద వచ్చువాడే గదా, ఏమైనాడు?" అని యడిగిరి. ఆ సాయంకాలము మేము ఆ పల్లెకు నడచిపోయితిమి.

వాన పడిన నేలలో వేరుసెనగ విత్తుచుండిరి. తండ్రి ఎద్దులను తోలుచుండగా బాలుడు గొఱ్ఱు వెంట విత్తనము వేయుచుండెను. మమ్ము చూచి తల వంచుకొనెను. "పిల్లోన్ని బడికి పంపలేదేమప్పా?" అని యడిగితిమి. తండ్రి చెప్పిన మాటలను అతని నోట వచ్చినట్లే వ్రాయుచున్నాము:

"డీజిలు పెరిగిందని ట్రాక్టరోడు బాడిగ పెంచినాడు సార్. పక్కింటోళ్ల ఎద్దులు అడిగి తెచ్చుకుంటి. గొర్రు ఎనకాల ఇంకో చెయ్యి కావల్ల. కూలోల్ని పెట్టేకి దుడ్లు యాడివి? మీరు ఎక్కించుకొని పోతా ఉన్నన్నాళ్లు వాన్ని ఆపలేదు. మీ బండి రాకపాయె. ఎండలో అంత దూరం నడిసి, పొద్దుకు అందక నిలబడేదానికన్నా సేన్లోనే ఉండనీలే అనుకుంటి."

పిమ్మట కొంతసేపూరకుండి, "అందరూ మా మీద పెంచుతారు. మేమెవురి మీద పెంచల్ల సార్? కాయల ధర గూడా మండీలో వాళ్లే చెప్తారు" అనెను.

మేము ఉత్తరము చెప్పలేకపోయితిమి. చమురు దేశమువాడు కంపెనీ మీదను, ప్రభుత్వము బంకు మీదను, లారీవాడు వర్తకుని మీదను, ట్రాక్టరువాడు రైతు మీదను, బస్సు ప్రయాణికుల మీదను వెల పెంచిరి. మేము ఎవరి మీదను పెంచలేదని యనుకొనుచుంటిమి. మేమును పెంచితిమి. నెలకు ఎనిమిదివందలు మిగుల్చుకొని, దాని వెలను ఒక పండ్రెండేండ్ల బాలుని చదువునుండి తీసికొంటిమి. తరువాతివాని కందించుటకు వానివద్ద ఏమియు లేదు. కావున ఆ బరువు వానివద్దనే ఆగిపోయినది.

మఱునాడు బస్సు మానితిమి. కాని 110 రూపాయల లీటరు మాత్రము మానలేదు గదా, ఉపాయము వలసియుండెను. అనంతపురముననే కాపురముండు మా తెలుగు పండితులవారును తమ బండిమీద ఒంటరిగా వచ్చుచుండిరి. ఒక వారము వారి బండి, ఒక వారము మా బండి అని యేర్పాటు చేసికొంటిమి. నెలకు చెఱి పండ్రెండు లీటర్లతో సరిపోయినది. బస్సుకంటె నిదియే చవుక. అయితే వెనుక సీటు పండితులవారిది యైనది. బాలునకు చోటు లేదు. మా తండ్రిగారి పాత సైకిలు అటకమీద పదేండ్లనుండి పడియుండెను. దానికి రెండు టైర్లు, ట్యూబులు, గొలుసు, బ్రేకు రబ్బర్లు వేయించితిమి. పండితులవారు సీటును, గంటను తమ ఖర్చున వేయించిరి. మా మొదటి రెండు నెలల మిగులు దానికే సరిపోయినది. విత్తు ముగియువఱకు ప్రధానోపాధ్యాయులు బాలునకు నాలుగు దినములు సెలవిచ్చిరి. ఐదవ దినమున వాడు సైకిలుమీద బడికి వచ్చెను.

యుద్ధకాలమున పెట్రోలునకు రేషను పెట్టినప్పుడు బస్సుల వెనుక బొగ్గుపొయ్యి తగిలించి నడిపిరని మా తాతగారు చెప్పెడివారు. కొఱత వచ్చినప్పుడు మనుష్యుడు ఏదో యొక దారి కనుగొనును. ఈ జిల్లాలోను కొత్త దారులు కనబడుచున్నవి. వాన చాలని యీ మెట్టకు గాలియు ఎండయు కొదువలేదు. ఉరవకొండ, వజ్రకరూరు ప్రాంతమున గాలిమరలు తిరుగుచున్నవి. మా సహోపాధ్యాయులలో ఒకరు కరెంటు స్కూటరు కొనిరి. 2024 మార్చిలో పెట్రోలు వెల రెండు రూపాయలు తగ్గినది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రమున స్త్రీలకు బస్సులలో ఉచిత ప్రయాణము మొదలుకాగా మా పాఠశాల ఉపాధ్యాయినులకును, పెద్ద తరగతుల బాలికలకును గొప్ప వెసులుబాటు కలిగినది. మేము మాత్రము పండితులవారితోనే పోవుచున్నాము.

విద్యార్థులారా, పొదుపు మంచిదే. గాలి సరిచూచుకొనుడు, ఇంజను ఆపుడు, ఇద్దఱు కలిసి ఒక బండిమీద పొండు. కాని ఏదైన మిగిల్చినప్పుడు, అది నిజముగా మిగిలినదా, లేక మఱియొకని చేతినుండి వచ్చినదా యని యొకసారి వెనుదిరిగి చూడుడు. మేము చూడవలసిన మూడవ దినమున చూడలేదు.

ఆ బాలుడు 2025లో పదవ తరగతి ముగించి, సైకిలును తన పల్లెలోని మఱియొక పిల్లవానికి ఇచ్చిపోయెను. అంతకుముందే, సైకిలు చేతికి వచ్చిన మొదటి నెలలోనే యొక యుదయమున మేము ఆ క్రాసు దాటుచుండగా వాడు మాకు ముందు పోవుచుండెను. వెనుక క్యారియరుమీద ఆఱవ తరగతి పిల్లవాడొకడు రెండు సంచులను ఒడిలో పెట్టుకొని కూర్చుండి యుండెను. వానిని ఎక్కించుకొమ్మని ఎవరును చెప్పియుండలేదు.