పుదుపేట నుండి తిరువొత్తియూరు దాకా మూడు చక్రాల మీద

చెన్నపట్నంలో చూడదగిన చోట్లేవని బంధువులు అడిగితే మనం మెరీనా, మైలాపూరు, మ్యూజియము అని వేళ్లు మడుస్తాము. పుదుపేట పేరు ఎవరూ ఎత్తరు. ఎగ్మూరు దగ్గర, కూవం ఏటి ఒడ్డున ఉన్న ఈ పేటలో దేవాలయ గోపురాలకు బదులు పాత ఇంజన్ల గుట్టలు కనబడతాయి. ఆయువు తీరిన కార్లు, మోటారు సైకిళ్లు ఇక్కడికి వచ్చి, ముక్కలు ముక్కలై, మరొక బండిలో భాగంగా మళ్లీ రోడ్డెక్కుతాయి. గ్రీజు వాసన, సుత్తి మోత, అరవంలోను ఉర్దూలోను బేరాలు, మధ్య మధ్య మన తెలుగు మాట! ఒక్క పూట అక్కడ గడిపితే, మన ఊరు దేని మీద నడుస్తున్నదో బోధపడుతుంది.

నేను అక్కడికి పోవడానికి కారణం మా బావగారి బండి. వారు తండయారుపేటలో ఉంటారు. అప్పడాలు, వడియాలు, ఊరగాయలు తయారుచేసి దుకాణాలకు వేయడం వారి వృత్తి. ఒక పాత బుల్లెట్ 350కి ఎడమ పక్క సైడుకారు తగిలించుకొని, వారం దినాలలో దానిలో డబ్బాలు మోస్తారు. మా అక్కయ్యకు తుంటికి ఆపరేషను అయినది మొదలు వెనుక సీటు మీద కాలు వేసి కూర్చోవడం కుదరదు. అందుచేత ఆసుపత్రికైనా, గుడికైనా ఆమెకు ఆ సైడుకారే పల్లకి.

మొన్న వానాకాలంలో ఎన్నూరు రోడ్డు మీద ముందు పోతున్న కంటెయినరు లారీ చటుక్కున ఆగింది. బావగారు బ్రేకు తొక్కితే వెనుక చక్రం పక్కకు జారింది. సైడుకారులో అక్కయ్య ఉన్నది. లారీకి మూరెడు దూరంలో బండి నిలిచింది. దిగి చూస్తే, వేసి ఆరు నెలలైనా కాని టైరు నడిమి భాగం గుండులాగా నున్నగా ఉన్నది. "ఏమోయ్, దీనికి కారు టైరు వేయిస్తే పీడ వదులుతుందంటున్నారు. ఆదివారం పుదుపేటకు వస్తావా?" అని బావగారు అడిగారు. బయలుదేరాము.

మేము పోయిన షెడ్డులోని మేస్త్రీ అరవైయేళ్ల మనిషి. కారు టైరు మాట వినగానే, ఔననలేదు, కాదనలేదు. సుద్దముక్క తీసి మా బండి వెనుక టైరు మీద ఈ అంచు నుండి ఆ అంచు దాకా అడ్డంగా గీత గీసినాడు. బండిని సిమెంటు నేల మీద నాలుగడుగులు దొర్లించమన్నాడు. చూస్తే, గీతలో మధ్యన రెండు వేళ్ల మందం మాత్రమే చెరిగింది. తరువాత పక్కనే ఉన్న ఒక కారు టైరుకు అలాగే గీసి, కారును తోయించినాడు. గీత దాదాపు పూర్తిగా చెరిగిపోయింది.

"చూశారా సార్! మోటారు సైకిలు మలుపులో వంగుతుంది. అందుకని దాని టైరు గుండ్రంగా చేస్తారు. సైడుకారు తగిలిస్తే బండి ఇక వంగదు. నిలువునా నడుస్తుంది. పగలూ రాత్రీ ఆ రెండు వేళ్ల మందమే బరువంతా మోస్తుంది. అరగక ఏం చేస్తుంది?" అన్నాడు.

పాఠకులు గమనించవలసిన మొదటి సంగతి ఇదే. పక్కన మూడో చక్రం పెట్టిన క్షణం నుండి మోటారు సైకిలు మోటారు సైకిలు కాదు, అది ఒక చిన్న బండి. చదునైన టైరుకు నేల పట్టు ఎక్కువ, అరుగుదల తక్కువ, బరువు మోసే శక్తి ఎక్కువ. కనుకనే ఐరోపాలో సైడుకారు ప్రియులు 15 అంగుళాల రిమ్ములు కట్టించి, 125, 135 మిల్లీమీటర్ల వెడల్పు గల సన్నని కారు టైర్లు వెనుక వేసుకోవడం చాలాకాలంగా ఉన్నది. సిత్రోయెన్ వారి 2సీవీ అనే చిన్న కారు టైరు అక్కడ ఇందుకు పేరుపొందినది. రష్యా దేశపు ఉరాల్ బండ్లవారిలోను కొందరు ఇదే పని చేస్తారు.

ఐతే మన బుల్లెట్‌కు ఏ టైరు? మేస్త్రీ టేపు తీసి లెక్క చెప్పినాడు. బుల్లెట్ వెనుక రిమ్ము 19 అంగుళాలు, టైరు వెడల్పు 3.25 అంగుళాలు. మొత్తం ఎత్తు సుమారు 650 మిల్లీమీటర్లు. మారుతీ 800 టైరు 12 అంగుళాల రిమ్ముది. దాని ఎత్తు 510 మిల్లీమీటర్లకు మించదు. అది వేస్తే బండి వెనుకభాగం కుంగిపోతుంది. అంబాసిడరుకు వచ్చిన 5.90-15 టైరు ఎత్తులో బుల్లెట్ టైరుకు ఇంచుమించు సరిపోతుంది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయినా దాని సామాను పుదుపేటలో కరువు కాలేదు. కాని దాని వెడల్పు 150 మిల్లీమీటర్లు! బుల్లెట్ వెనుక ఫోర్కులో అంత చోటు లేదు. ఒక పక్క గొలుసు, మరొక పక్క ఫోర్కు గొట్టం తగులుతాయి.

"తగలకుండా చేయలేమా?" అన్నారు బావగారు.

చేయవచ్చునట. షెడ్డు మూలన అలా చేసిన ఒక బుల్లెట్ 500 సైడుకారు బండి ఉన్నది. ఫోర్కును వెడల్పు చేసి, గేరుపెట్టె పల్లచక్రాన్ని, వెనుక పల్లచక్రాన్ని సమానంగా బయటికి జరిపి, మడ్‌గార్డు మార్చి, 15 అంగుళాల రిమ్ము కట్టినారు. నన్ను దాని సైడుకారులో కూర్చోబెట్టి ఎగ్మూరు వైపు ఒక చుట్టు తిప్పుకొచ్చినాడు. బ్రేకు వేస్తే బండి నేలను కరచుకొని నిలుస్తున్నది. కాని తారురోడ్డు అతుకుల మీద, గాడుల మీద పోయినప్పుడు వెనుకభాగాన్ని ఎవరో పక్కకు గుంజినట్లుంది. ఎడమకు వేగంగా తిప్పితే సైడుకారు చక్రం లేస్తుంది గదా! అప్పుడు కారు టైరు తన అంచు మీద నిలబడవలసి వస్తుంది. అది దానికి గిట్టదు. వెడల్పు టైరు మీద బరువు తక్కువైతే, నిలిచిన వాననీటి మీద తేలే స్వభావం కూడా ఉన్నదని మేస్త్రీ దాచకుండా చెప్పినాడు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట రిమ్ము గురించి. టైరు లోపలి అంచులో ఉక్కుతీగల చుట్ట ఉంటుంది. దానిని బీడు అంటారు. ఆ బీడు రిమ్ములో ఒక గట్టు మీద బిగిసి కూర్చోవాలి. కారు రిమ్ము గట్టు వేరు, మోటారు సైకిలు రిమ్ము గట్టు వేరు. అంకె ఒకటే అయినంత మాత్రాన అవి పొసగవు. పైన జాతకాలు కలిసినా లోపల మనసులు కలవని పెళ్లి వంటిది. కూర్చోని టైరును కూర్చోబెట్టాలని గాలి మీద గాలి కొడితే బీడు తెగి పేలిపోవచ్చు. దగ్గర ఉన్నవాని చేయి పోతుంది, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. కనుక కారు టైరు కావాలంటే కారు రిమ్ము రకమే ఉండాలి. స్పోకుల చక్రమైతే, ట్యూబులెస్ టైరైనా సరే, సరైన ట్యూబు వేయాలి.

నేను గుమాస్తాను. నాకు తోచిన ప్రశ్న కాగితాలది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. రవాణా కార్యాలయం అనుమతి లేకుండా ఫోర్కు కోసి వెల్డింగు చేయిస్తే, రేపు ప్రమాదం జరిగిన నాడు బీమా కంపెనీవారు మొదట అడిగేది దానినే. ఈ మాట అనగానే మేస్త్రీ నవ్వి, "కాగితం తెండి, కోస్తాను. అంతవరకు ఇంకొక పని ఉన్నది" అని రెండు పొడుగాటి చెక్కపలకలు తెప్పించినాడు.

ఒక పలకను మోటారు సైకిలు రెండు చక్రాలకు ఆనించి నేల మీద పెట్టినాడు. రెండోదానిని సైడుకారు చక్రానికి ఆనించినాడు. ఆ రెండు పలకల మధ్య దూరం వెనుక కంటె ముందు సుమారు ముప్పావు అంగుళం తక్కువ ఉండాలట. మా బండికి ముందువైపే అంగుళంన్నర ఎక్కువ ఉన్నది! బరువులు మోసి మోసి బిగింపులు జరిగిపోయినాయి. అంటే ఆ వెనుక టైరు ఇన్నాళ్లు దొర్లుతూ పోలేదు, రోడ్డు మీద పక్కకు రాసుకుంటూ పోయింది. తూకంగుండు వేలాడదీసి చూస్తే బుల్లెట్ సైడుకారు వైపు వాలి ఉన్నది. అది రవ్వంత అవతలి వైపు వాలి ఉండాలి.

రెండు గంటలు పట్టి అవన్నీ సరిచేసినాడు. పాత టైరు తీసివేసి, అదే కొలతలో, నడుమ కాస్త చదునుగా ఉండి ఎక్కువ బరువు మోసే కొత్త మోటారు సైకిలు టైరు వేసినాడు. "ఇది అరిగేదాకా నడపండి. అప్పటికీ చాలదనిపిస్తే, అనుమతి వస్తే, కారు టైరు వేస్తాను. వంకర బండికి కారు టైరు వేస్తే అదీ అరుగుతుంది, ఖర్చు మాత్రం కారుది" అన్నాడు.

సాయంకాలం తండయారుపేటలో అక్కయ్యను ఎక్కించుకొని, బండి నడక చూద్దామని తిరువొత్తియూరు దాకా పోయినాము. నేను వెనుక సీటు మీద. పుదుపేట నుండి తండయారుపేటకు వచ్చిన దారిలో 1856లో కట్టిన రాయపురం రైలుస్టేషను, దాటితే కాశిమేడు చేపల వాసన, ఆ తరువాత తిరువొత్తియూరు హైరోడ్డులో నెత్తిన 2021లో వచ్చిన మెట్రో వంతెన. గుంటలు మాత్రం మారలేదు.

తిరువొత్తియూరు అనగానే మనకు త్యాగరాజస్వామివారు జ్ఞప్తికి వస్తారు. శిష్యుడు వీణ కుప్పయ్యరు ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడి త్రిపురసుందరీ అమ్మవారి మీద వారు అయిదు తెలుగు కీర్తనలు చెప్పినారు. అరవదేశపు గుడిలో మన భాషకు దొరికిన పీట అది. ఐతే ఈ ఊరికి ఇంకొక ఘనత కూడా ఉన్నది. 1946లో ఇక్కడే ఒక చిన్న షెడ్డులో మామ్మెన్ మాప్పిళై గారు పిల్లల బుడగలు చేయడం మొదలుపెట్టినారు. అదే మద్రాసు రబ్బరు ఫ్యాక్టరీ అయి, 1961 నుండి టైర్లు చేసింది. 1955లో ఇంగ్లండులోని రెడిచ్ కంపెనీ, మద్రాసు మోటార్స్ కలిసి స్థాపించిన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్లను తయారుచేసిందీ ఈ ఊరిలోనే. బండీ టైరూ ఒకే ఊరి బిడ్డలు. ఐనా ఏ బండికి ఏ టైరు నప్పుతుందో చెప్పడానికి పుదుపేటలో ఒక సుద్దముక్క, రెండు పలకలు కావలసి వచ్చినాయి.

గుడి ముందు దిగి అక్కయ్య, "ఈ పూట నడుము కదలలేదురా" అన్నది. బావగారు వెంటనే వంగి టైరు చూసుకున్నారు.

రవాణా కార్యాలయానికి అనుమతి దరఖాస్తు నేనే ఇంగ్లీషులో వ్రాసి పెట్టినాను. జవాబు ఇంకా రాలేదు. మన కుటుంబాలలో ముసలివారి కోసమో, వ్యాపారం కోసమో సైడుకారు బండి నడిపేవారెవరైనా ఉంటే, టైరు మార్చడానికి ముందు ఈ రెండు పలకల పరీక్ష చేయించండి. పక్కన కూర్చునేది మన ఇంటి మనిషే గదా!