దండెం మీద కరెంటు

కొట్టంలో బల్బు వెలిగితే చాలు, వైరు ఎటునుంచి పోయిందో ఎవరు చూస్తారండీ! నేనూ చూడలేదు. పన్నెండేళ్ళు చూడలేదు.

మాది తాండూరు. ఇంటికి ముప్పై అడుగుల దూరంలో రేకుల కొట్టం, అందులో రెండు బర్రెలు. తెల్లారగట్ల పాలు పిండటానికి వెలుతురు కావాలని ఇంట్లోంచి వైరు లాగి, బట్టలారేసే దండేనికే చుట్టించాం. దండెం అంటే గోడకీ గుంజకీ కట్టిన ఇనుప తీగే. ఖర్చు లేని పని, అందరిళ్ళల్లో అంతేగా అనుకున్నాం.

పోయిన శ్రావణంలో ముసురు పట్టింది. అత్తమ్మ తడిచీర ఆరేయబోయి "అమ్మో!" అంటూ వెనక్కి పడిపోయింది. కాళ్ళకి చెప్పులున్నాయి, చెయ్యి తీగను పట్టుకోలేదు, అందుకే బతికింది. చూస్తే ఏముంది, వైరు తొడుగు ఎండకి పెళుసెక్కి పగిలి, లోపలి రాగి తీగ దండేనికి తగులుతోంది. వానాకాలం వస్తే ఇలా పోయిన ఆడవాళ్ళ గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం, పేజీ తిప్పేస్తాం. ఈసారి తిప్పబుద్ధి కాలేదు.

మా తమ్ముడు వికారాబాద్‌లో వైరింగ్ పని చేస్తాడు. కబురందగానే రైలెక్కి వచ్చాడు. "మరి ఫ్యూజు ఎందుకు పోలేదురా?" అన్నాను. "ఫ్యూజు కాలాలంటే ఆంపియర్ల లెక్కన కరెంటు పోవాలక్కా. మనిషి ప్రాణానికి అందులో వందో వంతు చాలు" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి.

ఇక పైపు గొడవ మొదలైంది. తెల్ల ప్లాస్టిక్ పైపులో వైరు దూర్చి ఈ గోడ నుంచి ఆ గుంజకి కట్టేద్దామన్నారు మావారు. ఇనుప పైపైతే గట్టిగా ఉంటుంది కదా అన్నాను నేను. తమ్ముడు ఇద్దరినీ కాదన్నాడు. ప్లాస్టిక్ పైపు పదడుగుల ముక్కలుగా వస్తుంది, గాల్లో కడితే అతుకుల దగ్గర వంగుతుంది, మన ఎండకి నాలుగేళ్ళలో పగులుతుంది, లోపల వాన నీళ్ళు నిలుస్తాయి. ఇనుప పైపు సంగతి వేరే. లోపల వైరు ఒరుసుకుపోతే, ఎర్తింగ్ లేకపోతే పైపంతా కరెంటే. "ఇంకో పెద్ద దండెం అవుతుంది బావా" అన్నాడు.

భూమిలోంచి వేద్దామంటే వాకిలంతా మా ఊరి నాపరాళ్ళు పరిచి ఉన్నాయి. అవి లేపనివ్వనంది అత్తమ్మ.

చివరికి గాల్లో పైపే లేదు! దండేనికి దూరంగా, ఎత్తులో, వేరే జీఐ తీగ కట్టి, రెండు చివర్లా పింగాణీ ఇన్సులేటర్లు పెట్టి, నల్ల తొడుగున్న మూడు తీగల కేబుల్‌ని దానికి వేలాడదీశాడు. మూడోది ఎర్తింగ్ తీగ. కంది పొట్టు నింపుకుని ట్రాక్టరు వచ్చినా తగలనంత ఎత్తు. (మా తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ జీఐ వేరు, ఈ తీగ వేరు లెండి!)

పైపులు రెండు కొసలకే. ఇంటి గోడకి ఐఎస్ఐ గుర్తున్న మందపాటి ప్లాస్టిక్. కొట్టం గుంజకి మాత్రం ఇనుమే కావాలని పట్టుబట్టాను. బర్రె వీపు గోక్కునేది అక్కడే, ప్లాస్టిక్ వారం కూడా ఆగదు. ఆ మాట తమ్ముడూ ఒప్పుకున్నాడు. ఆ పైపుకి ఎర్తింగ్ కలిపి, అంచు వైరుని కోయకుండా మూతికి బుష్ వేశాడు. పై మూతిని చేతికర్ర పిడిలా కిందికి వంచాడు. కేబుల్‌ని కూడా పైపులోకి పోయే ముందు కాస్త కిందికి వేలాడేలా వదిలాడు. పాలు వంచేటప్పుడు గిన్నె అంచు వెంబడే కిందికి కారతాయి చూడండి, వాన నీళ్ళూ వైరు వెంబడి అలాగే పోతాయట. ఆ వంపు దగ్గరే చుక్కలు రాలిపోవాలి. కొట్టం లోపల కూడా వైరు పైపులోనే పోయింది, ఎలుకలు కొరుకుతాయని. రేకులకి ఎక్కడా తగలనివ్వలేదు.

మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ పెట్టాలన్నప్పుడు మావారు ఖర్చన్నారు. పైపుల కన్నా దానికే ఎక్కువైన మాట నిజమే. పాల డబ్బుల్లోంచి నేనిచ్చాను. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పి భూమిలోకి పోతే చాలు, క్షణంలో ఆపేస్తుంది. దానికి టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూస్తున్నాను. ఎర్తింగ్ గుంటలో ఎండాకాలం నీళ్ళు పోయడం కూడా నా పనే. ఇంకో మాట, మీ కళ్ళముందు ఎవరికైనా షాక్ కొడితే మనిషిని ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి.

దండేనికి ఇప్పుడు నైలాన్ తాడు కట్టాం. తడి దుప్పట్లు వేస్తే నేలకి జారుతోందని అత్తమ్మ రోజూ సణుగుతుంది. అయినా బట్టలారేసే ముందు కొట్టం వైపు చూసి "స్విచ్చి బంద్ చేసినవా?" అని అడుగుతుంది. చేశానన్నాకే బకెట్ ముట్టుకుంటుంది.